పాఠం 17: ఉప్పునీటి ఈతకొలనును మామూలు క్లోరిన్ పద్ధతికి మార్చడం

17.1 పరిచయం

వానాకాలంలో మీ ఊరి బావిలో పంచాయతీవారు బ్లీచింగ్ పౌడర్ కలపడం మీరు చూసే ఉంటారు. ఆ ఘాటు వాసన మీకు పరిచయమే. ఈతకొలను నీటిని శుభ్రపరిచేదీ ఆ క్లోరినే. అయితే కొన్ని హోటళ్లలో, క్లబ్బుల్లో 'ఉప్పునీటి కొలను' ఉంటుంది. అందులో క్లోరిన్ ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎందుకో చూద్దాం. అలాంటి కొలనును మామూలు పద్ధతికి మార్చేటప్పుడు చేయవలసిన పనులూ, వేయవలసిన లెక్కలూ నేర్చుకుందాం.

17.2 ఉప్పు నుంచి క్లోరిన్

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈతకొలనులో కలిపేది లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పే. నాలుకకు కొంచెం ఉప్పగా తగులుతుంది, అంతే. ఈ నీరు వడపోత యంత్రం దాటాక ఒక విద్యుత్ ఘటం గుండా ప్రవహిస్తుంది. మీరు చదివిన విద్యుద్విశ్లేషణే అక్కడ జరుగుతుంది. ధనధ్రువం వద్ద క్లోరైడ్ అయాన్లు క్లోరిన్‌గా మారతాయి. రుణధ్రువం వద్ద హైడ్రోజన్ వెలువడుతుంది. క్లోరిన్ నీటితో చర్య జరిపినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లం క్రిములను చంపుతుంది. పని ముగిశాక అది మళ్లీ క్లోరైడ్‌గా మారుతుంది. అందుకే ఉప్పు తరిగిపోదు. చిందిన నీటితోనూ, వడపోత కడిగిన నీటితోనూ పోయేదే నష్టం.

దీన్నిబట్టి మీకు ఏం తెలుస్తుంది? మార్పు అంటే నీటిని మార్చడం కాదు, క్లోరిన్ వచ్చే దారిని మార్చడం.

17.3 ఎందుకు మారుస్తారు?

ఘటంలోని పలకలు కొన్నేళ్లకు అరిగిపోతాయి. కొత్తవి ఖరీదు. ఉప్పునీరు ఇనుప నిచ్చెనలనూ, కొన్ని రకాల రాళ్లనూ తినేస్తుంది. కరెంటు పోతే క్లోరిన్ తయారీ ఆగిపోతుంది. మామూలు పద్ధతికి రావడం వెనకడుగేమీ కాదు. కాకపోతే ఇన్నాళ్లూ యంత్రం చేసిన పని ఇకమీదట మనిషి చేయాలి. మే నెల ఎండకు క్లోరిన్ కొద్ది గంటల్లోనే చాలావరకు నశిస్తుంది. ఆదివారం సెలవని ఒక పూట మరచిపోతే, సోమవారం దిగే పిల్లలకు రక్షణ లేనట్టే.

17.4 మార్చే పద్ధతి

ముందుగా ఘటానికి విద్యుత్తు ఆపండి. పంపు, వడపోత మాత్రం నడవాలి. నీరంతా తోడేయనక్కరలేదు. పైగా భూగర్భజలం పైకి వచ్చే వానాకాలంలో ఖాళీ కొలను పైకి లేచి పగిలే ప్రమాదముంది. ఉప్పు తగ్గించదలిస్తే కొంచెం కొంచెంగా నీరు మార్చండి. నాలుగో వంతు మారిస్తే నాలుగో వంతు ఉప్పు పోతుంది. ఆ నీటిని చెట్ల పాదుల్లోకి, పొలాల్లోకి, బావి పక్కకు వదలవద్దు. లీటరుకు 3 గ్రాముల ఉప్పును చాలా పంటలు తట్టుకోలేవు.

తరువాత పి.హెచ్. పరీక్షించండి. ఇది 7.2 నుంచి 7.8 వరకు ఉండాలి. దీన్ని తేలికగా తీసుకోవద్దు. 7.5 వద్ద క్లోరిన్‌లో దాదాపు సగం హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 8 వద్ద అది సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ అంతే ఉన్నా, క్రిములను చంపే శక్తి తగ్గిందన్నమాట.

17.5 ఎంత కలపాలి?

ఉదాహరణ: కొలనులో 1,00,000 లీటర్ల నీరుంది. పరీక్షలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములని తేలింది. దాన్ని 2 మి.గ్రా.కు పెంచాలి.

కావలసిన పెంపు 1.5 మి.గ్రా. కనుక 1,00,000 × 1.5 = 1,50,000 మి.గ్రా., అంటే 150 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో లభ్య క్లోరిన్ 30 శాతమైతే, 150 ÷ 0.30 = 500 గ్రాములు.

డబ్బా మీది శాతాన్ని గుడ్డిగా నమ్మవద్దు. తేమ తగిలితే, నిల్వ ఉంటే పౌడర్ బలం తగ్గుతుంది. కలిపాక మళ్లీ పరీక్షించడమే మార్గం.

జాగ్రత్త! ప్లాస్టిక్ బకెట్టులో ముందు నీళ్లు పోసి, ఆ తరువాతే పౌడర్ వేయండి. సున్నం అడుగుకు దిగాక పైతేట నీటిని కొలనులో పోయండి. ఇది సాయంత్రం, ఈతగాళ్లు వెళ్లాక చేయాలి. పి.హెచ్. తగ్గించే ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే గదిలో ఉంచవద్దు. రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఒకదానికి వాడిన మగ్గును మరోదానికి వాడకండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. ఘటం ఆపేశాక కూడా నీరు ఉప్పగానే ఉంటుంది. ఎందుకు?
2. 60,000 లీటర్ల కొలనులో క్లోరిన్‌ను లీటరుకు 1 మి.గ్రా. నుంచి 2 మి.గ్రా.కు పెంచాలి. లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ ఇచ్చే హైపోక్లోరైట్ ద్రావణం ఎంత కావాలి?

జవాబులు

1. ఉప్పు ఖర్చు కాదు. నీటిని మారిస్తేనే తగ్గుతుంది.
2. 60 గ్రాముల క్లోరిన్ కావాలి. కనుక 600 మిల్లీలీటర్ల ద్రావణం.