క్యాడెట్ పైలట్ ఎంపిక: ఏ మెట్టు ముందు, ఏ మెట్టు తర్వాత?

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్



నేను ఆదివారాలు వచ్చి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్న సంగతి మీకు తెలుసు. "అన్నా, పైలట్ కావాలంటే ఏం చేయాలి? మనలాంటి వాళ్లకు అవుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇలాంటి విషయాలు అడగడానికి ఇంట్లో మనిషి లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఎంపిక పరీక్ష మనకు అందనిదేమీ కాదు. ఇంటర్ లెక్కలు, ఇంటర్ ఫిజిక్స్, మామూలు ఇంగ్లీషు వస్తే దానికి తయారు కావచ్చు. అసలు కష్టం డబ్బు దగ్గర వస్తుంది. కాబట్టి తక్కువ ఖర్చుతో తేలిపోయే మెట్లన్నీ ముందు ఎక్కాలి. భూమి, అప్పు, సంతకం అనే మాటలు అన్నిటికంటే చివర రావాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే రాశాను.

క్యాడెట్ పైలట్ అంటే ఎవరు?

విమానయాన సంస్థ పైలట్ అనుభవం లేని యువతీ యువకులను పరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది. తాను ఒప్పందం చేసుకున్న శిక్షణ సంస్థకు పంపుతుంది. అన్ని దశలూ నెగ్గి వస్తే ఉద్యోగంలోకి తీసుకుంటుంది. మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా వంటి సంస్థలు ఇలాంటి కార్యక్రమాలు నడుపుతున్నాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్యాడెట్ అంటే ఉద్యోగి కాదు. జీతం ఉండదు. శిక్షణ ఫీజు మనమే కట్టాలి. అది సుమారు కోటి రూపాయలు, కొన్ని కార్యక్రమాల్లో అంతకంటే ఎక్కువ.

శిక్షణలో మొదటి లక్ష్యం కమర్షియల్ పైలట్ లైసెన్స్. దీన్ని ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. 18 ఏళ్లు నిండాలి. 200 గంటలు విమానం నడిపి ఉండాలి. నేవిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, సాంకేతిక విషయాల పేపర్లలో 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడే పరీక్ష వేరుగా ఉంటుంది. లైసెన్స్ వచ్చాక ఎయిర్‌బస్ ఎ320 లాంటి ఒక రకం విమానం మీద ప్రత్యేక శిక్షణ పొందాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ఇవన్నీ పూర్తయ్యాకే కో-పైలట్ సీటు.

మొదటి మెట్టు: వైద్య పరీక్ష

కోచింగ్‌కు డబ్బు కట్టే ముందే, దరఖాస్తు పెట్టే ముందే చేయించుకోవలసింది ఇది. మొదట క్లాస్-2, తర్వాత క్లాస్-1 అని రెండు పరీక్షలు ఉంటాయి. డీజీసీఏ గుర్తించిన డాక్టర్లే చేయాలి. వాళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కమర్షియల్ లైసెన్స్‌కు క్లాస్-1 తప్పనిసరి.

"కళ్లద్దాలుంటే పైలట్ కాలేరు" అనే మాట మన ఊళ్లలో బాగా వినిపిస్తుంది. ఎయిర్‌లైన్ పైలట్ విషయంలో అది నిజం కాదు. అద్దాలతో చూపు 6/6కు వస్తే సాధారణంగా అభ్యంతరం ఉండదు. రంగుల గుర్తింపు మాత్రం చాలా ముఖ్యం. చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలు చదివించే ఇషిహారా పరీక్షను ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో అడిగి చేయించుకోండి. పది నిమిషాల పని. ఎకరం అమ్మిన తర్వాత తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

రక్త పరీక్షలు, చెవి పరీక్ష, ఈ.సీ.జీ. కూడా ఉంటాయి. రక్తహీనత ఉన్నవాళ్లు, ముఖ్యంగా చెల్లెళ్లు, ముందే మందులు వాడి సరిచేసుకోవాలి.

రెండవ మెట్టు: కాగితాలు

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ, సీఈసీ చదివినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులు రాయవచ్చు.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు అన్నిటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. మనవాళ్లలో ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. నాన్న పేరు ఒకచోట 'య్య'తో, ఇంకోచోట 'యా'తో ఉంటుంది. వీటిని సరిచేయడానికి నెలలు పడుతుంది. డీజీసీఏ పరీక్షలు రాయాలంటే ముందు కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి. దానికి మన మెమోలను బోర్డు ధ్రువీకరించాలి. ఇంటర్ సెలవుల్లోనే ఈ పనులు మొదలుపెట్టండి.

మూడవ మెట్టు: లెక్కలు, ఫిజిక్స్

లెక్కలు కష్టంగా ఉండవు, కానీ వేగంగా చేయాలి. కాలిక్యులేటర్ లేకుండా నోటిలెక్క అలవాటు చేసుకోవాలి. కొన్ని మాదిరి ప్రశ్నలు ఇస్తున్నాను.

1. విమానం వేగం గంటకు 480 కి.మీ. 7 నిమిషాల్లో ఎంత దూరం పోతుంది?
నిమిషానికి 8 కి.మీ. కాబట్టి 56 కి.మీ.

2. ఇంజన్లు గంటకు 2400 కిలోల ఇంధనం తాగుతాయి. 35 నిమిషాలకు ఎంత?
నిమిషానికి 40 కిలోలు. కాబట్టి 1400 కిలోలు.

3. విమానం 040 డిగ్రీల దిశలో పోతోంది. ఎడమకు 90 డిగ్రీలు తిరిగితే ఏ దిశ?
40 లోంచి 90 పోదు కాబట్టి 360 కలపాలి. 400 లోంచి 90 తీస్తే 310 డిగ్రీలు.

4. రెండు ఊళ్ల మధ్య దూరం 1200 కి.మీ. గాలి లేనప్పుడు విమానం వేగం గంటకు 500 కి.మీ. పోయేటప్పుడు గంటకు 100 కి.మీ. ఎదురుగాలి, వచ్చేటప్పుడు అంతే వెనుకగాలి. రానూపోనూ సమయం మారుతుందా?
"పోయేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది" అని చాలామంది అంటారు. లెక్క వేసి చూడండి. పోవడానికి 1200ను 400తో భాగిస్తే 3 గంటలు. రావడానికి 1200ను 600తో భాగిస్తే 2 గంటలు. మొత్తం 5 గంటలు. గాలి లేకపోతే 4 గంటల 48 నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

5. పైలట్లు వాడే ఒక చిట్కా. దిగాల్సిన ప్రతి 1000 అడుగులకు 3 నాటికల్ మైళ్ల దూరం కావాలి. 30,000 అడుగుల నుంచి దిగాలంటే సుమారు 90 నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.

ఫిజిక్స్‌లో సూత్రం అప్పజెప్పమని అడగరు. కారణం అడుగుతారు. "మే నెల మధ్యాహ్నం విమానం పైకి లేవడానికి ఎక్కువ రన్‌వే ఎందుకు కావాలి?" అన్నారనుకోండి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. రెక్క మీద పుట్టే ఉత్థాపక బలం తగ్గుతుంది. ఇంజను తోపుడు శక్తీ తగ్గుతుంది. కాబట్టి లేవడానికి ఇంకా ఎక్కువ వేగం, దానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. ఈ జవాబులోని సంగతులన్నీ మన ఇంటర్ పుస్తకంలోనే ఉన్నాయి. న్యూటన్ సూత్రాలు, బెర్నౌలీ సూత్రం, సదిశలు, వాయు నియమాలు, ఈ నాలుగు పాఠాలు ఇంకొకరికి చెప్పగలిగేలా చదవండి.

నాలుగవ మెట్టు: కంప్యూటర్ మీద సామర్థ్య పరీక్ష

దీనికి మనవాళ్లు ఎక్కువ భయపడతారు. ఒక చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని తెరమీద కదిలే గుర్తును మధ్యలో నిలపాలి. అదే సమయంలో చెవిలో వినిపించే అంకెలు గుర్తుంచుకోవాలి. మధ్యలో చిన్న లెక్కలు వస్తాయి. సంస్థను బట్టి పద్ధతి మారుతుంది. చూసేది మాత్రం ఒకటే, ఒత్తిడిలో రెండు మూడు పనులను ఏకకాలంలో చేయగలమా అని.

ఒక పనిలో చిన్న తప్పు జరిగితే దాన్నే తలచుకుంటూ మిగతా పనులు వదిలేయడం వల్ల చాలామందికి మార్కులు పోతాయి. స్టడీ అవర్ అయ్యాక ఇద్దరిద్దరు కూర్చుని సాధన చేయండి. ఒకరు ఆరు అంకెలు చదవాలి, రెండోవారు కాగితం మీద బొమ్మ గీస్తూనే వాటిని వెనుక నుంచి చెప్పాలి. రోజూ పావుగంట చాలు. పరీక్షకు ముందు రాత్రి మాత్రం పుస్తకం మూసి నిద్రపోవాలి. నిద్ర తక్కువైతే ఈ పరీక్షలో వెంటనే బయటపడుతుంది.

ఐదవ మెట్టు: ఇంగ్లీషు, బృంద చర్చ, ఇంటర్వ్యూ

పైలట్‌కు అంతర్జాతీయ ప్రమాణంలో కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు కావాలి. అంటే కాన్వెంటు యాస కాదు. స్పష్టంగా పలకడం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం. తెలుగు మీడియం వాళ్లు రోజూ పది నిమిషాలు పేపరు బిగ్గరగా చదివి, చదివింది సొంత మాటల్లో చెప్పాలి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే రేడియో అక్షరాలు నేర్చుకోండి. సరదాగానూ ఉంటుంది.

బృంద చర్చలో గట్టిగా అరిచినవాళ్లకు మార్కులు రావు. మాట్లాడని మనిషిని పలకరించి అభిప్రాయం అడిగినవాళ్లను గమనిస్తారు. ఒక గదిలో పదిమంది సర్దుకుని బతికిన మనకు ఇది కొత్త విద్య కాదు.

ఇంటర్వ్యూలో ఆ సంస్థ గురించి అడుగుతారు. ఇండిగో 2006 ఆగస్టులో విమానాలు మొదలుపెట్టింది. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వెళ్లింది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇలాంటివి నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటి సంగతి అడిగితే నాన్న చేసే పని ఉన్నదున్నట్టు చెప్పండి. కూలి పనిని దాచాల్సిన అవసరం లేదు.

ఆరవ మెట్టు: డబ్బు

మన హాస్టల్లో చదివిన ఒకతను ఒక సంస్థ ఎంపికలో చివరిదాకా నెగ్గాడు. పేరు రాయవద్దన్నాడు, విషయం మాత్రం తప్పకుండా రాయమన్నాడు. మొదటి విడత కట్టడానికి కొద్ది వారాల గడువిచ్చారు. బ్యాంకు ఆస్తి హామీ అడిగింది. ఇంటికి ఉన్నది ఎకరంన్నర. అదంతా అమ్మినా ఫీజులో కొంత భాగానికే సరిపోతుంది. వెనుక ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. తండ్రి అమ్ముదామనే అన్నాడు. కొడుకే వద్దన్నాడు. ఇప్పుడతను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పరీక్షకు చదువుతున్నాడు. అతను ఓడిపోయాడని నేను అనుకోను.

కాబట్టి దరఖాస్తుకు ముందే ఈ లెక్కలు చూసుకోండి.

- విద్యా రుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. మన ఇళ్లలో చాలామందికి ఉన్నది అసైన్డ్ భూమి. దాని అమ్మకానికి, తాకట్టుకు నిబంధనలు వేరు. తహసీల్దారు ఆఫీసులో ముందే తెలుసుకోండి.
- వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయి, చదువు కాలంలో వడ్డీ ఎంత పెరుగుతుంది అని బ్యాంకును అడిగి రాయించుకోండి.
- సంస్థ ఇచ్చే పత్రంలో "షరతులకు లోబడి" అనే మాట ఉంటుంది. మధ్యలో ఒక దశ తప్పితే, సంస్థకు ఖాళీలు లేకపోతే ఏమవుతుందో, ఫీజు ఎంత తిరిగి వస్తుందో చదవండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే లెక్చరర్‌కో తెలిసిన వకీలుకో చూపించండి. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన హామీ ఉన్నట్టు కాదు.
- "సీటు ఇప్పిస్తాం" అనే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి. దరఖాస్తు సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చేయాలి.
- పైలట్ కోర్సుకు ఏ స్కాలర్‌షిప్, ఏ కార్పొరేషన్ రుణం ఎంతవరకు వస్తుందో జిల్లా సంక్షేమ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి.

ఇంకా ఉన్న దారులు

క్యాడెట్ కార్యక్రమం ఒక్కటే దారి కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్ష ఇంటర్ స్థాయిలోనే. రిజర్వేషన్ ఉంది. ఫీజు అక్కడా లక్షల్లోనే ఉన్నా క్యాడెట్ కార్యక్రమాల కంటే బాగా తక్కువ.

హైదరాబాద్‌లో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా ఏవియేషన్ అకాడమీలో చదివి, దాతల సాయంతో, ప్రభుత్వ సాయంతో, ఏళ్ల తరబడి ఒక్కో మెట్టూ ఎక్కి పైలట్ అయ్యారు. ఆలస్యమైనా ఆమె ఆగలేదు.

రూపాయి ఖర్చు లేకుండా విమానం నేర్పేది భారత వైమానిక దళం. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్యవారు ఇంటర్ అర్హతతో ఎన్.డి.ఏ. రాయవచ్చు. 2022 నుంచి అక్కడ అమ్మాయిలు కూడా శిక్షణ పొందుతున్నారు. డిగ్రీ వాళ్లకు ఎఫ్‌క్యాట్ ఉంది, ఫ్లయింగ్ శాఖకు వయసు 20 నుంచి 24. ఒక్క హెచ్చరిక. అక్కడి కంప్యూటర్ పైలట్ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. నాలుగో మెట్టులో చెప్పిన సాధన పూర్తిగా చేసి వెళ్లండి.

బీ.ఎస్సీ.లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్లకు, ఇంజనీరింగ్ వాళ్లకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగాలు ఉన్నాయి. పైలట్‌కు దిగమని, ఆగమని చెప్పేది వాళ్లే.

ఈ నెలలో మీరు చేయవలసినవి మూడే. రంగుల పరీక్ష చేయించుకోండి. మెమోల్లో పేర్లు సరిచూసుకోండి. రోజుకు పది నోటిలెక్కలు చేయండి. ఈ మూడింటికీ భూమి అమ్మనక్కర లేదు. పైలట్ కాకపోయినా వీటిలో ఏదీ వృథా పోదు. సందేహాలుంటే నోటు పుస్తకంలో రాసి ఉంచండి, ఆదివారం క్లాసులో చూద్దాం.