మంగళవారం కటింగ్

అల్లుడూ,

ఫోన్లో అడిగావు గానీ అది నిలబడి చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

ఆ ఆరేళ్ల పిల్లాడు కుర్చీ ఎక్కగానే కేకలు పెట్టాడనీ, నాన్న చేతులు, తాత తల పట్టుకుంటే ఎలాగో పని కానిచ్చావనీ, పక్క కుర్చీలో ఆయన "రెండు తగిలిస్తే సరి" అన్నాడనీ చెప్పావు. ముందు ఆ పట్టుకోవడం మానిపించు. తల విదిలిస్తే కత్తెర మొన చెవిలో దిగుతుంది. పైగా ఈసారి ఇద్దరు అదిమి పట్టిన పిల్లాడు మళ్లీసారి మీ వీధి మలుపులోనే ఏడుపు అందుకుంటాడు.

వాడిది మొండితనం కాదురా. కొందరు పిల్లలకు తాకిడి, చప్పుడు, వాసన మనకంటే చాలా ఎక్కువగా తెలుస్తాయి. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది మామూలు, లేనివాళ్లలోనూ ఉంటుంది. మా షాపుకు కొడుకును తెచ్చే ఒక మేడమ్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. అమెరికాలో ఇదే వృత్తి చేసిన జీన్ ఏర్స్ అనే ఆవిడ 1972లోనే దీనిమీద పుస్తకం రాశారని ఆమే చెప్పారు. ఆటిజాన్ని గుర్తుపట్టే లక్షణాల్లో అక్కడి మానసిక వైద్యుల సంఘం దీన్ని చేర్చింది మాత్రం 2013లో.

మన చేతికి పనికొచ్చే మాట కూడా ఆ మేడమే చెప్పారు. మెల్లగా తాకితే పిల్లాడికి హాయి అనుకుంటాం కదా, ఇలాంటి చాలామందికి అదే పడదు. పైపైన తగిలే వేళ్లు చీమ పాకినట్టుంటాయి. అరచెయ్యి మొత్తం ఆనించి నిలకడగా ఒత్తితే కుదుటపడతారు. అందరూ అలా ఉండరు, వాళ్లమ్మను అడిగి తెలుసుకో. వెనకనుంచి మాత్రం ముట్టుకోకు, చెయ్యి కనపడాలి.

ఇక కుర్చీ. పిల్లల కోసం దాని చేతుల మీద అడ్డంగా పలక వేస్తాం. దానిమీద కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి, పడిపోతానేమోనన్న భయంతోనే సగం ఏడుపు. పలక తీసెయ్. నాన్న ఒళ్లో కూర్చోబెట్టు, లేదంటే పొట్టి స్టూలు వేసి పాదాలు నేలకు ఆననివ్వు. నువ్వు వంగు, నడుము నొప్పి మనకు కొత్తా? స్ప్రే కొట్టకు, తడి చేత్తో అద్దు. మెడకు గుడ్డ బిగించడం పడకపోతే పాత చొక్కా మీదే కానిచ్చి, వెంటనే మార్చమను. మెడ దులిపే బ్రష్, పౌడరు నీకు మర్యాద, వాడికి నరకం. పొడి తువ్వాలుతో గట్టిగా అద్ది తీసెయ్.

మిషన్ జోలికి మొదట్లో పోకు. దాని రొద నీకు బయటినుంచే వినిపిస్తుంది. తలకు ఆనించాక వాడికి పుర్రె ఎముక గుండా కూడా పోతుంది, అదురుతో సహా. తప్పదంటే ముందు ఆపిన మిషన్ వాడి చేతికివ్వు, మరోరోజు దూరంగా ఆన్ చేసి, ఆపే స్విచ్ వాడినే నొక్కనివ్వు.

అన్నిటికంటే కష్టమైనది ఆగడం. "పది కత్తెరలు, అయిపోయింది" అని చెప్పు, పైకి లెక్కపెట్టు, పదికి ఆగు. కుడి చెవి పైన జుట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా పదకొండోది వెయ్యకు. నీ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. ఫినిషింగ్ లేని తలను గుమ్మం దాటించడం మనకు నామోషీ. ఆ నామోషీ మింగెయ్. మిగతాది వచ్చే వారం.

వాళ్లమ్మ ఇంటి సంగతులూ అడుగుతుంది. గోళ్లు స్నానమయ్యాక మెత్తబడినప్పుడు, వేలి కొసను కాసేపు ఒత్తి పట్టుకుని తియ్యమను. పేస్టు మండుతోందని ఉమ్మేస్తే పుదీనా ఘాటు లేనిది చూడమను. నిద్రలో జుట్టు కత్తిరించడం చాలా ఇళ్లలో ఉంది, నాకు నచ్చదు. మెలకువొచ్చిందంటే పడుకోడానికీ భయపడతాడు. తిరుమల మొక్కు ఉంటే, ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇచ్చొస్తారు కదా, వీడికీ అలా సరిపెట్టుకోవచ్చేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగమను. పిల్లాడికి ఫలానాది ఉందని నువ్వు మాత్రం పేరు పెట్టకు, అది మన పని కాదు. మీ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది. ఇంకా ఎవరికీ చూపించకపోతే అక్కడికి వెళ్లమను.

రమ్మనేది మంగళవారం. ఆదివారం మన షాపంటే టీవీ, డ్రయ్యరు, ఆఫ్టర్‌షేవ్ వాసన, బెంచీ నిండా జనం. మంగళవారం ఎటూ సెలవే కాబట్టి షట్టర్ సగం దించి కూర్చోవచ్చు. ఎన్ని వారాలు పట్టినా ఒక్క కటింగ్ డబ్బే తీసుకో. సెలవురోజు తాళాలు ఇవ్వనని మీ ఓనరు అంటే ఫోన్ చెయ్, నేను మాట్లాడతా.

మీ మామయ్య