రంగు చేపల తొట్టె: నీరు కుదిరాకే చేప

పెరట్లో నాలుగు గజాల జాగా, కాస్త నీడ, నీటి వసతి ఉంటే చాలు, రంగు చేపల పెంపకం మొదలుపెట్టవచ్చని చాలామంది సన్నకారు రైతులు ఆశపడుతున్నారు. ఆశ తప్పు కాదు. చెన్నై శివారు కొళత్తూరులో పెరటి తొట్టెల మీదే బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే కొత్తగా దిగిన వారిలో ఎక్కువమంది చేతులు కాల్చుకునేది మొదటి నెలలోనే. చేపకు జబ్బు చేసి కాదు, మేత చాలక కాదు. తొట్టె కట్టిన వారానికే చేపలు వదలడం వల్ల.

ఈ సంగతి పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. ఈ వ్యాసకర్త ఇంటి పెరట్లోనూ ఓ తొట్టె కట్టించి, మూడు రోజులు నీళ్ళు నిలవబెట్టి, కడిగి, ఆదివారం నాడు నలభై గప్పీలు, మోలీలు తెచ్చి వదలడం జరిగింది. మూడో రోజుకు చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. దుకాణంలో అడిగితే నీలం మందు సీసా చేతిలో పెట్టారు. పోశాం. ఎనిమిదో రోజుకు మిగిలినవి పదకొండు. చివరికి ఆ నీళ్ళు సీసాలో పట్టి రొయ్యల రైతులు వెళ్ళే ఆక్వా ల్యాబులో ఇస్తే పీహెచ్ 9 దాటి ఉంది, అమ్మోనియా నిండుగా ఉంది. మందు వేయాల్సిన జబ్బు అసలు లేనే లేదు.

చెరువు రైతుకు తెలిసిందే

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువు రైతును అడగండి. చెరువు తవ్విన మర్నాడే పిల్ల వదులుతావా అంటే నవ్వుతాడు. సున్నం చల్లాలి, ఎరువు వేయాలి, నీటికి రంగు తిరగాలి, అప్పుడు కదా పిల్ల. తొట్టెకూ అదే సూత్రం. కాకపోతే చెరువులో అడుగున మట్టి ఉంటుంది, అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. సిమెంటు తొట్టెలో, గాజు తొట్టెలో అవి ఉండవు. మనమే పెంచుకోవాలి.

చేప మేత తిని మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. అది చేపకు విషం. తొట్టెలో కొన్ని రకాల బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొంత పెరిగినా చేప తట్టుకుంటుంది. పొలంలో యూరియా చల్లితే అది అమ్మోనియాగా, తరువాత నైట్రేట్‌గా మారి పైరుకు అందుతుంది కదా, ఇదీ అదే పని. ఈ రెండు రకాల బాక్టీరియా సరిపడా పెరగడానికి కొత్త తొట్టెలో 4 నుంచి 6 వారాలు పడుతుంది. దీన్నే తొట్టె కుదరడం అంటున్నాం.

ఒక ముఖ్యమైన సంగతి. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండవు. గోడలకు, కంకరకు, ఫిల్టరు స్పాంజికి జిగటగా అంటుకుని ఉంటాయి. అందుకే పాత తొట్టెలోని నీళ్ళు తెచ్చి పోసినంత మాత్రాన పెద్దగా ఉపయోగం ఉండదు.

సిమెంటు కాటు విరగాలి

6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టెలో అడుగున్నర నీరు నిలిపితే సుమారు వెయ్యి లీటర్లు వస్తుంది. మొదటిసారి చేసేవారికి ఇలాంటివి రెండు చాలు. అడుగు ఒక మూలకు వాలుగా పోసి, అక్కడ గొట్టం పెట్టుకోవాలి.

కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీటి పీహెచ్ 10 దాకా ఎక్కుతుంది. తొట్టెను నీటితో నింపి, అరటి బోదె ముక్కలు గానీ పచ్చి పేడ గానీ వేసి వారం ఉంచాలి. తరువాత నీళ్ళు వదిలేసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి మళ్ళీ నింపాలి. ఇలా మూడుసార్లు చేయాలి. ఆఖరున మంచినీరు పోసి రెండు రోజులు ఉంచి పీహెచ్ చూడాలి. మీ బోరు నీటి పీహెచ్ ఎంతో, తొట్టె నీటిదీ దాదాపు అంతే ఉంటే కాటు విరిగినట్టు. 8.5 దాటి ఉంటే ఇంకో వారం ఆగాలి.

పీహెచ్‌కు ఇంత పట్టింపు ఎందుకంటే, నీటిలో ఉన్న అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌తో పాటే పెరుగుతుంది. మన ఎండలకు నీరు 28 డిగ్రీలు ఉందనుకుంటే, పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా విషం కాదు. 8 దగ్గర 6, 7 వంతులు. 9 దగ్గర 40 వంతులు. అంటే అదే అమ్మోనియా ఒక తొట్టెలో చేపను ఏమీ చేయదు, పక్క తొట్టెలో తెల్లారేసరికి చంపుతుంది.

బోరు నీటిని ఒక రోజు నిలవ ఉంచి, ఎత్తు నుంచి పోస్తూ గాలి తగిలేలా చేయాలి. పంచాయతీ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక 24 గంటలు మూత లేకుండా ఉంచాకే వాడాలి.

తోడు వేసే పద్ధతి

కాటు విరిగాక నీరు నింపి గాలి మోటారు, ఫిల్టరు పెట్టాలి. ఇంటి అవసరానికి 10 వాట్ల లోపు మోటారు చాలు. రాత్రింబవళ్ళు నడిచినా నెలకు 7 యూనిట్లకు మించదు. మార్కెట్‌లో దొరికే స్పాంజి ఫిల్టరు సరే, లేదంటే పాత బక్కెట్టుకు చిల్లులు పెట్టి గులకరాళ్ళు, చిన్న ప్లాస్టిక్ మూతలు నింపి గాలి గొట్టం లోపలికి దించినా ఫిల్టరే. పాలు తోడు పెట్టినట్టు, జబ్బు లేని పాత తొట్టె నుంచి గుప్పెడు గులకరాళ్ళో, వాడుతున్న స్పాంజి ముక్కో తెచ్చి ఇందులో వేస్తే బాక్టీరియా త్వరగా అందుకుంటుంది. తెచ్చేటప్పుడు తడి ఆరనివ్వకూడదు.

ఇప్పుడు చేప లేకుండానే మేత వేయాలి. వినడానికి వింతగా ఉన్నా ఇదే అసలు కిటుకు. రోజూ 5 గ్రాముల చేప మేత పొడి వెయ్యి లీటర్లలో వేస్తే అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది, బాక్టీరియాకు అదే తిండి. 35 శాతం మాంసకృత్తులున్న మేత 10 గ్రాములు పూర్తిగా కుళ్ళితే వెయ్యి లీటర్లలో లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని చేరుతుంది. కాబట్టి గుప్పిళ్ళతో వేయొద్దు.

ఈ రోజుల్లో తొట్టె మీద దోమతెర తప్పనిసరి. చేప లేని నీరు గనుక దోమ గుడ్లు పెడుతుంది. తెర ఉంటే తరువాత కొంగలు, కప్పల బెడద కూడా ఉండదు. పైన సగం నీడ పడేలా షేడ్ నెట్ గానీ తాటాకు పందిరి గానీ వేసుకోవాలి.

వారం వారం ఏం జరుగుతుంది?

మొదటి వారం: నీరు పాలవిరుగుడులా తెల్లబడవచ్చు. భయపడి మొత్తం మార్చవద్దు, దానంతట అదే తేటపడుతుంది. అమ్మోనియా ఎక్కుతుంది.

రెండు, మూడు వారాలు: అమ్మోనియా తగ్గుముఖం పడుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. గోడలకు గోధుమరంగు నాచు పడుతుంది. ఇది మంచి గుర్తే.

నాలుగు నుంచి ఆరు వారాలు: నైట్రైట్ కూడా పడిపోతుంది, నైట్రేట్ కనిపిస్తుంది. పచ్చ నాచు మొదలవుతుంది.

ఇది కళ్ళతో చూసి తేల్చేది కాదు. తేటగా ఉన్న నీటిలోనే విషం ఉండవచ్చు. ఆక్వా దుకాణాల్లో చుక్కల పరీక్ష పెట్టెలు దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ తీసుకోవాలి. 10 గ్రాముల మేత వేసిన మర్నాటికి, ఆ తరువాతి రోజుకూ అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టె కుదిరినట్టు లెక్క. అప్పుడు పావు వంతు నీరు మార్చి చేపలను తెచ్చుకోవాలి.

చేపలు దశలవారీగా

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్ టెయిల్ రకాలు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే పెడతాయి. కొత్తవారికి ఇవే అనువు. ఒక మగకు మూడు నాలుగు ఆడ చేపల చొప్పున, వెయ్యి లీటర్లకు మొదట 20, 25 మాత్రమే వదలాలి. పది రోజులు పరీక్షలు సున్నా చూపిస్తే ఇంకో 25. బాక్టీరియా చేపల సంఖ్యకు తగ్గట్టే పెరుగుతుంది, ఒక్కసారిగా వంద పోస్తే కుదిరిన తొట్టె కూడా తట్టుకోదు.

తెచ్చిన సంచిని తొట్టె నీటిపై 15, 20 నిమిషాలు తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టె నీరు సంచిలో కలిపి, ఆ తరువాత వలతో చేపను మాత్రమే వదలాలి. వీలైతే కొత్త చేపలను రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూడటం మేలు.

ప్రమాదం ముంచుకొస్తే

చేపలు పైకి తేలి గాలి మింగుతుంటే ముందు మేత ఆపాలి. నిలవ ఉంచిన నీటితో మూడో వంతు మార్చాలి. గాలి పెంచాలి. చెరువులో అలవాటు కొద్దీ కొందరు సున్నం చల్లుతారు. అమ్మోనియా ఉన్నప్పుడు సున్నం వేస్తే పీహెచ్ పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని చేయవద్దు.

మొప్పలు ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగితే అది నైట్రైట్ పని. నీరు మార్చి, వెయ్యి లీటర్లకు కిలో రాళ్ళ ఉప్పు కరిగించి పోస్తే చేప తట్టుకుంటుంది.

మందులు వేయాల్సి వస్తే చేపను వేరే టబ్బులోకి తీసి వేయాలి. తొట్టెలోనే యాంటీబయాటిక్, పర్మాంగనేట్ పోస్తే ఆరు వారాల కష్టం ఒక్క పూటలో పోతుంది. కరెంటు పోయినప్పుడు చెంబుతో నీరు ముంచి ఎత్తు నుంచి పోస్తుండాలి. గాలి లేకపోతే చేపతో పాటు బాక్టీరియా కూడా చస్తుంది.

నిర్వహణ

వారానికి 200 నుంచి 250 లీటర్లు తీసి, నిలవ నీరు పోయాలి. తీసిన నీటిలో నైట్రేట్ ఉంటుంది గనుక కాయగూర పాదులకు పోస్తే వృథా కాదు. ఉప్పు వేసిన నీటిని మాత్రం పాదులకు పోయకూడదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. తొట్టె నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండితే చాలు. బాక్టీరియా పనిచేసే కొద్దీ నీటిలోని క్షారం తగ్గి పీహెచ్ దిగుతుంది. ఫిల్టరులో గుప్పెడు ఆల్చిప్పలు గుడ్డలో మూటగట్టి ఉంచితే నిలకడగా ఉంటుంది.

సముద్రపు తొట్టె సంగతి

పట్నాల్లో కొందరు లీటరుకు 35 గ్రాముల ఉప్పుతో సముద్రపు నీరు తయారుచేసి పెద్ద తొట్టెలు పెడుతున్నారు. అక్కడా పని జరిగేది ఈ బాక్టీరియాతోనే, కానీ అవి నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది, ఖర్చు చాలా ఎక్కువ. పైగా సముద్రపు రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని తీయడం, అమ్మడం నేరం. తీరంలో ఎవరైనా రాళ్ళు తెచ్చిస్తే కొంటామని చెప్పినా ఆ జోలికి పోవద్దు.

లెక్క చూసుకుని దిగండి

సిమెంటు కాటు విరగడానికి మూడు వారాలు, కుదరడానికి నెలా నెలన్నర, మొదటి ఈతకు నెల, పిల్ల అమ్మకానికి ఎదగడానికి రెండున్నర, మూడు నెలలు. అంటే చేతికి మొదటి రూపాయి వచ్చేసరికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. మూడో నెలలో వాయిదా కట్టాల్సిన అప్పు తెచ్చి ఈ పని మొదలుపెట్టకూడదు. ముందుగా దగ్గరి పట్నంలో కొనే దుకాణం చూసుకుని, ఏ రకం, ఏ సైజు కావాలో అడిగాకే దిగాలి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కగట్టి, సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సాయం పెట్టారు. ఈ ఏడాది మీ మండలానికి ఏముందో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కుని, కాగితం చేతికి వచ్చాకే ఖర్చు పెట్టాలి.

ఆఖరుగా ఒక మాట. అమ్ముడుపోని చేపలను కాలువలో, ఊరి చెరువులో వదలవద్దు. అద్దాలకు అంటుకునే సక్కర్ చేపలు ఇలాగే బయటపడి, ఇవాళ మన చెరువు రైతుల వలలు చింపుతున్నాయి.

గుర్తుంచుకోవలసినవి

* సిమెంటు కాటు విరిగే దాకా మూడుసార్లు నింపి వదలాలి.
* చేప కంటే ముందు బాక్టీరియాను పెంచాలి.
* పరీక్ష చేయకుండా చేప వదలవద్దు.
* అమ్మోనియా ఉన్నప్పుడు సున్నం వద్దు.
* తొట్టెలో మందు పోయవద్దు, ఫిల్టరును కుళాయి నీటితో కడగవద్దు.
* ఆరు నెలలు ఆగగలిగితేనే మొదలుపెట్టాలి.