కార్టిసాల్ ఎక్కువైందని ఎలా తేలుస్తారు?

ఈమధ్య ల్యాబుల హెల్త్ ప్యాకేజీల్లో కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష కూడా చేరిపోయింది. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీసుకుంటారు, సాయంత్రానికి ఫోనుకు రిపోర్టు వచ్చేస్తుంది. అంకె కాస్త ఎక్కువగా కనిపిస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. దానికి తోడు, మొహం గుండ్రంగా ఉంటే అది కార్టిసాల్ మొహమేనని భయపెట్టే రీల్స్ ఒకటి. అసలు సంగతేమిటంటే, పొద్దుటి రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూసి, అది ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బు ఉందనీ చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. ఆ పరీక్ష పనికొచ్చేది కార్టిసాల్ తగ్గిపోయే జబ్బుకు. ఎక్కువైందని తేల్చడానికి వేరే వరస ఉంది. మనుషులకైనా, కుక్కలకైనా దాదాపు ఒకటే వరస. అందులో ఒక మెట్టు దాటేసి ముందుకు గెంతితే డబ్బు దండగ, ఒక్కోసారి అక్కర్లేని ఆపరేషన్ దాకా పోతుంది.

జబ్బుకు ఆ పేరు అమెరికన్ న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ వల్ల వచ్చింది. ఒళ్లు విపరీతంగా వచ్చి, నెలసరి ఆగిపోయిన 23 ఏళ్ల యువతి గురించి ఆయన 1912లో రాశాడు. 1932లో అలాంటి మరికొందరి వివరాలు కలిపి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని చిన్న గడ్డ దీనికి మూలమని వాదించాడు. మనుషుల్లో ఇది అరుదు. పది లక్షల మందిలో ఏటా ఇద్దరు ముగ్గురికి కొత్తగా బయటపడుతుంది, వారిలోనూ ఆడవాళ్లే ఎక్కువ. కుక్కల సంగతి వేరు. నడివయసు దాటిన కుక్కలకు వచ్చే హార్మోన్ జబ్బుల్లో ఇది తరచుగా కనిపించేదే. పూడిల్, డాక్స్‌హండ్, బాక్సర్, టెర్రియర్ జాతుల్లో ఎక్కువ.

పరీక్షలు అర్థం కావాలంటే లోపల జరిగే పని కొంచెం తెలియాలి. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీకి కబురు పంపుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది మూత్రపిండాల పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథులను తట్టి కార్టిసాల్ చేయిస్తుంది. కార్టిసాల్ చాలినంత అయ్యాక ఆ కబురు వెనక్కి వెళ్లి పై రెండింటినీ ఆపుతుంది. డాబా మీద ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే ఆటోమేటిక్ స్విచ్ లాంటి ఏర్పాటు ఇది. కుషింగ్స్ అంటే ట్యాంకు పొర్లిపోతున్నా మోటారు ఆగకపోవడం. ఎక్కడో ఒక గడ్డ స్విచ్ మాట వినడం మానేసిందన్నమాట.

ఇక మొదటి మెట్టు. దీనికి ల్యాబు అక్కర్లేదు, నిదానంగా అడిగే ఓపిక కావాలి. బయటి నుంచి స్టెరాయిడ్ ఏమైనా ఒంట్లోకి పోతోందా? లోకంలో కుషింగ్స్ రూపం వచ్చినవాళ్లలో అత్యధికులకు కారణం గడ్డ కాదు, మందు. డాక్టరు రాసిచ్చిన ప్రెడ్నిసలోన్ అయితే చీటీలో కనిపిస్తుంది. కనిపించనివే ప్రమాదం. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ నెలనెలా వేసే ఇంజెక్షన్, మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే డెక్సామెథసోన్, బీటామెథసోన్ బిళ్లలు, ఆయాసానికీ కీళ్లకూ అని పొట్లాల్లో అమ్మే పేరులేని పొడులు, మొహం తెల్లబడాలని ఏళ్ల తరబడి పూసే క్రీములు. నాటుమందు పేరుతో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్నట్టు మన దేశంలో ఎన్నోసార్లు బయటపడింది. ‘నాలుగు రోజుల్లో ఒళ్లు తేలికైంది, ఆకలి పుట్టింది’ అని మెచ్చుకునే మందు ఏదైనా సరే, అనుమానించాల్సిందే. మొహం ఉబ్బితే మనవాళ్లు నీరు పట్టిందంటారు. చాలాసార్లు పట్టింది నీరు కాదు, ఆ పొడి తెచ్చిన కొవ్వు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. డెక్సామెథసోన్ వంటి మందులు కార్టిసాల్ పరీక్షకు అందవు. అవి ఒంట్లో ఉన్నంతకాలం సొంత గ్రంథులు పడుకుంటాయి. మనిషి చూడబోతే అచ్చం కుషింగ్స్ రోగి, రిపోర్టులో కార్టిసాల్ మాత్రం అడుగంటి ఉంటుంది. ఈ రెండూ ఒకచోట కనిపిస్తే డాక్టరు స్కానింగ్ రాయడు, ‘మీ సంచిలో ఏమేం మందులున్నాయో అన్నీ తీయండి’ అంటాడు.

కుక్కకూ ఇదే ప్రశ్న. దురదకని నెలల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు వేశారా, ఇంజెక్షన్లు చేయించారా, చెవిలో, కంట్లో స్టెరాయిడ్ చుక్కలు పోస్తున్నారా? కుక్క చెప్పుకోలేదు గనక పాత చీటీలన్నీ పట్టుకెళ్లడం యజమాని బాధ్యత.

రెండో మెట్టు, ఒంటిని చూడటం. లావు, షుగర్, బీపీ, నీరసం ఈ కాలంలో ఎవరికి లేవు? అవి లెక్కలోకి వస్తాయి గానీ తేల్చవు. తేల్చేవి వేరే ఉన్నాయి. తగిలీ తగలకముందే కమిలిపోయే పల్చటి చర్మం. ఎర్రబారిన మొహం. పొట్ట మీద, తొడల మీద సెంటీమీటరుకు మించిన వెడల్పుతో ఊదారంగు చారలు. పాత కాన్పు చారలు తెల్లగా, సన్నగా ఉంటాయి, ఇవి అలా ఉండవు. తొడ కండరాల్లో బలం తగ్గడం మరో గుర్తు. చేతుల ఆసరా లేకుండా పీట మీంచి లేవమంటే లేవలేరు. పిల్లల్లో అయితే ఒకటే గట్టి ఆనవాలు: బరువు పెరుగుతూ ఎత్తు పెరగడం ఆగిపోతుంది. మామూలుగా ఒళ్లు చేసే పిల్లలు ఎత్తు కూడా బాగానే పెరుగుతారు.

కుక్కలో బొమ్మ మారిపోతుంది. ఊదా చారలుండవు, గుండ్రటి మొహం ఉండదు. నీళ్లు తెగ తాగుతుంది, ఇల్లంతా పోస్తుంది, ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది, కూర్చున్నచోటే రొప్పుతుంది. పొట్ట వేలాడుతుంది. ఒంటికి రెండు పక్కలా సమానంగా బొచ్చు ఊడుతుంది, తల మీదా కాళ్ల మీదా మాత్రం ఉంటుంది. క్లిప్పర్ పెట్టిన చోట మళ్లీ మొలవదు. చిక్కేమిటంటే యజమానికి ఇది జబ్బులా తోచదు. ‘ముసలిదైనా తిండి బాగా తింటోందండీ’ అని సంతోషంగా చెబుతాడు. పదేళ్ల కుక్కకు ఉన్నట్టుండి ఆకలి రెట్టింపైతే అది ఆరోగ్యం కాదు.

నీళ్ల లెక్క ఇంట్లోనే తీయొచ్చు. పొద్దున కొలిచి పోయండి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవండి. వరసగా కొన్ని రోజులు చూడండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే పది కిలోల కుక్క లీటరుకు పైగా తాగుతుంటే, అది ఎక్కువే. దీనికి షుగర్, కిడ్నీ జబ్బు కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు మామూలు రక్త, మూత్ర పరీక్షలు చేస్తారు. కుషింగ్స్ ఉన్న కుక్క మూత్రం పల్చగా ఉంటుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరుగుతుంది, ఎందుకంటే స్టెరాయిడ్ తగిలితే కుక్క కాలేయం ఆ ఎంజైములో ఒక ప్రత్యేక రకాన్ని తయారుచేస్తుంది. మనుషుల్లో ఇది లేదు. అయితే ఆ ఎంజైమ్ ఒక్కటి పెరిగి, కుక్కలో లక్షణాలేమీ లేకపోతే కుషింగ్స్ పరీక్షలకు దిగకూడదు.

మూడో మెట్టులో గానీ కార్టిసాల్ దగ్గరికి రాము. మనుషులకు మూడు పరీక్షలున్నాయి. ఆరోగ్యవంతుడిలో కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కుషింగ్స్‌లో ముందుగా చెడేది ఆ రాత్రి తగ్గుదలే. అందుకే పడుకునే ముందు, రాత్రి పదకొండు ప్రాంతంలో, దూది చుట్టను నోట్లో పెట్టుకుని లాలాజలం పట్టి ఇమ్మంటారు. రెండు వేర్వేరు రాత్రులు. నైట్ డ్యూటీలు చేసేవారికి ఈ పరీక్ష కుదరదు. నమిలే పొగాకు, గొంతుకు మంచిదని బుగ్గన పెట్టుకునే అతిమధురం ఫలితాన్ని దొంగగా పెంచుతాయి.

రెండోది 24 గంటల మూత్రం. పొద్దున లేవగానే పోసింది పారేసి, అక్కడి నుంచి ప్రతి చుక్కా డబ్బాలో పట్టి, మర్నాడు పొద్దుటిది కూడా కలిపి ఇవ్వాలి. ఇదీ రెండుసార్లు చేయాలి. మధ్యలో ఒకసారి మర్చిపోయి బాత్రూములో పోస్తే పరీక్ష మొత్తం వృథా. ఆ మాట ల్యాబులో చెప్పడానికి మొహమాటపడి తప్పుడు డబ్బా ఇచ్చేవాళ్లూ ఉంటారు.

మూడోది నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోస్తుంది. రాత్రి పదకొండు, పన్నెండు మధ్య ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగిస్తారు. మన దగ్గర దొరికేవి సాధారణంగా అర మిల్లీగ్రాము బిళ్లలు కాబట్టి రెండు. ట్యాంకు నిండిందని మోటారుకు అబద్ధం చెప్పడమే ఇది. మంచి గ్రంథి నమ్మి ఆగుతుంది, జబ్బు గ్రంథి నమ్మదు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య రక్తం తీస్తే కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల కిందికి దిగిపోవాలి. దిగకపోతే అనుమానం నిలబడ్డట్టే. అయితే టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ వాడేవారిలో కాలేయం డెక్సామెథసోన్‌ను త్వరగా కరిగించేస్తుంది, జబ్బు లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా లెక్క తప్పిస్తాయి. మద్యం బాగా తాగేవారిలో, తీవ్రమైన డిప్రెషన్‌లో కార్టిసాల్ కొంత పెరగడం మామూలే. అందుకే ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వరు. రెండు రకాల పరీక్షలు ఒకే మాట చెప్పాలి.

కుక్కల్లో పగలు, రాత్రి తేడా స్పష్టంగా ఉండదు కాబట్టి అర్ధరాత్రి లాలాజలం పనికిరాదు. డెక్సామెథసోన్ పరీక్షే ప్రధానం. కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున నరంలోకి ఇచ్చి, ముందొకసారి, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు రక్తం తీస్తారు. ఆ రోజంతా కుక్కను ఆస్పత్రిలో ప్రశాంతంగా ఉంచాలి. పక్క బోనులో కుక్క మొరిగినా కార్టిసాల్ పెరుగుతుంది. అందుకే జబ్బు లేదని తేల్చడానికి వాడే మూత్ర పరీక్షకు, ఆస్పత్రికి వెళ్లొచ్చిన రెండు రోజుల తర్వాత ఇంట్లోనే మూత్రం పట్టి తెమ్మంటారు. స్టెరాయిడ్ మందుల వల్లే వచ్చిందేమోనన్న అనుమానముంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ చేసి చూస్తారు. పడుకున్న గ్రంథి తట్టినా లేవదు, కార్టిసాల్ పెరగదు. వాంతులో జ్వరమో ఉన్న కుక్కకు ఈ పరీక్షలేవీ చేయించకండి. ముందు అది తగ్గనివ్వండి.

ఎక్కువైందని తేలాకే ‘ఎక్కడ’ అనే ప్రశ్న. రక్తంలో ఏసీటీహెచ్ కొలుస్తారు. ఈ హార్మోన్ త్వరగా పాడైపోతుంది కాబట్టి నమూనాను ఐసులో పెట్టి పరుగెత్తాలి. బాగా తగ్గి ఉంటే తప్పు అడ్రినల్‌లో ఉంది, సీటీ తీస్తారు. తగ్గకుండా ఉంటే పిట్యూటరీ, లేదా అరుదుగా ఊపిరితిత్తుల వంటి చోట దాక్కున్న మరో గడ్డ. అప్పుడు తల ఎంఆర్ఐ. చాలామంది ఈ ఎంఆర్ఐతోనే మొదలుపెట్టాలని తొందరపడతారు. ఏ జబ్బూ లేని పదిమందిని పడుకోబెట్టి తీస్తే ఒకరి పిట్యూటరీలో ఏదో మచ్చ కనిపిస్తుంది. నిజంగా కుషింగ్స్ ఉన్నవారిలోనేమో గడ్డ కొన్ని మిల్లీమీటర్లే ఉండి ఎంతోమందిలో కనిపించదు. బొమ్మ రెండు వైపులా మోసం చేస్తుంది. అనుమానం తీరనప్పుడు గజ్జల్లోంచి సన్నని గొట్టాలు పంపి, పిట్యూటరీ నుంచి దిగే సిరల్లోని రక్తాన్ని చేతి రక్తంతో పోల్చి చూస్తారు. పెద్ద ఆస్పత్రుల్లో, చేయి తిరిగినవారే చేయాల్సిన పని ఇది.

కుక్కకు చాలావరకు పొట్ట అల్ట్రాసౌండ్ సరిపోతుంది. రెండు అడ్రినల్స్ సమానంగా ఉబ్బితే మూలం పిట్యూటరీ. ఒకటి పెద్దదై రెండోది ముడుచుకుపోతే పెద్దదానిలోనే గడ్డ. నూటికి 80 నుంచి 85 కుక్కల్లో మూలం పిట్యూటరీయే. మిగతావాటిలో ఇంచుమించు సగం అడ్రినల్ గడ్డలు క్యాన్సర్‌వి.

వైద్యం దగ్గర దారులు విడిపోతాయి. మనిషికి ముక్కు గుండా వెళ్లి పిట్యూటరీ గడ్డ తీయడమే మొదటి మాట. అడ్రినల్‌లో ఉంటే కీహోల్ ఆపరేషన్. ఆపరేషన్ ఫలించిందనడానికి గుర్తు విచిత్రంగా ఉంటుంది. కార్టిసాల్ పాతాళానికి పడిపోతుంది, రోగి ఒళ్లునొప్పులతో, వికారంతో మునుపటికన్నా నీరసపడతాడు. నెలల తరబడి, కొందరికి ఏడాది దాటినా, హైడ్రోకార్టిసోన్ బిళ్లలు వేసుకుంటూ పడుకున్న గ్రంథి లేచేదాకా ఆగాలి. ఇంట్లోవాళ్లు ఇది తెలియక ఆపరేషన్ చెడిందని గాబరా పడతారు.

కుక్కకు పిట్యూటరీ ఆపరేషన్ నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వంటి కొద్దిచోట్లే చేస్తారు. ఎక్కువగా ట్రైలోస్టేన్ అనే మందుతో కార్టిసాల్ తయారీని అణచిపెడతారు. అంతకుముందు మైటోటేన్ రాజ్యమేలింది. దాని పుట్టుక కుక్కలతోనే ముడిపడి ఉంది. డీడీటీకి దగ్గరి చుట్టమైన డీడీడీ పురుగుమందు తినిపించిన కుక్కల అడ్రినల్స్ ఎండిపోయాయని 1949లో బయటపడింది. ఆ కుటుంబం నుంచి వచ్చిన మందునే ఇప్పటికీ మనుషుల అడ్రినల్ క్యాన్సర్‌కు వాడుతున్నారు.

ట్రైలోస్టేన్ తిండితో కలిపే ఇవ్వాలి. క్యాప్సూల్ విప్పకూడదు, గర్భిణులు ముట్టుకోకూడదు. మొదలుపెట్టిన 10 నుంచి 14 రోజుల్లో, తర్వాత నెలకు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష. గడ్డ పోదు, లక్షణాలు తగ్గుతాయి, అంతే. మందు ఎక్కువైతే జబ్బు తిరగబడి కార్టిసాల్ అసలు లేని స్థితి వస్తుంది. ఈ మందు మీదున్న కుక్క తిండి మానేసినా, వాంతి చేసుకున్నా, వేలాడిపోయినా ఆ పూట మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ సంగతి మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారు, తాము వాడిన పొడి ఏమిటో తెలిసి భయపడినా సరే, ఒక్కసారిగా మానేయకండి. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోండి.