మజూరీ మాట్లాడుకోని పని

సమస్య

నారాయణపేట ప్రాంతంలోని ఒక నేతకుటుంబంలో పుట్టి, హైదరాబాదులో ఒక ప్రకటనల సంస్థలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, కోవిడ్ కాలంలో సొంతూరికి తిరిగివచ్చిన ఒక యువతి తన ఇబ్బందిని వివరిస్తూ ఈ శీర్షికకు లేఖ రాశారు. ఆమె ఇప్పుడు ఫ్రీలాన్స్ మార్కెటర్, అంటే ఏ సంస్థలోనూ నెలజీతానికి చేరకుండా, పనికి ఇంత అని తీసుకుని వేర్వేరు వ్యాపారుల సరుకుకు ప్రచారం చేసిపెట్టే వ్యక్తి. చీరల దుకాణాలవారు, నల్లగొండ వైపు బత్తాయి వ్యాపారులు, కొల్లాపూర్ మామిడి పంపేవారు, తామే నేసి తామే అమ్ముకునే మగ్గాలవారు ఆమెకు పని ఇస్తున్నారు. ఫొటోలు తీయడం, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ బిజినెస్‌లోనూ సరుకు వివరాలు పెట్టడం, ప్రకటనలు నడపడం ఆమె చేసే పనులు. పనికి కొదవ లేదు గాని డబ్బు చేతికి రావడం లేదని, బిల్లు మాట ఎత్తగానే "మన పిల్లవే గదా, పైసలు యాడికి పోతయి" అంటున్నారని, ప్రకటనల ఖర్చు సైతం ముందు తానే పెట్టుకుని తర్వాత దానికోసం నెలల తరబడి తిరగవలసి వస్తోందని ఆమె రాశారు. పైగా ఒక దుకాణదారు అచ్చువేసిన మిల్లుబట్టను "అసలు పోచంపల్లి" అని రాయమని పట్టుబడుతున్నారు. పెద్ద బాకీ ఆయన దగ్గరే ఉండడంతో ఆమె కాదనలేకపోతున్నారు. ఇదంతా చూసి తల్లిదండ్రులు మళ్లీ ఉద్యోగంలో చేరమంటున్నారు. నేతింటి బిడ్డనని చెప్పుకోవడం వల్లే చులకన అవుతున్నానా, ఆ సంగతి దాచిపెట్టి పనిచేయడం మేలా అన్నది ఆమె ప్రశ్న.

సలహా

దాచవలసిన అవసరం లేదు. ఆమె పనికి విలువ తెస్తున్నది ఆ పుట్టుకే. చిక్కంతా పని ఒప్పుకునే ముందు వెల తేల్చుకోకపోవడంలో ఉంది. నేతపనిలో మజూరీ అంటే మాస్టర్ వీవర్, అనగా నూలూ పట్టూ సమకూర్చి ఇంటింటా నేయించుకునే పెట్టుబడిదారు, చీరకు ఇంత లేదా వార్పుకు, అంటే ఒక పడుగుకు, ఇంత అని నేతగానికి ఇచ్చే కూలి. ఆ మజూరీ ఎంత తక్కువైనా, ఎంత అన్యాయమైనా, మగ్గం మీదికి పడుగు ఎక్కకముందే ఎంతో తేలిపోతుంది. తండ్రి పని మొదలుకాకముందే తేల్చుకునే మాటను కూతురు బిల్లు రాసే రోజుదాకా వాయిదా వేస్తున్నారు.

సొంతవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోవడం తప్పేమోనన్న సంకోచం ఆమె లేఖ అంతటా కనిపిస్తుంది. దానికి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే తగిన జవాబు ఉంది. పోచంపల్లి తరహా చీరకు చిటికీ కట్టడానికి, అంటే రంగు అంటకుండా నూలును అక్కడక్కడా ముడివేయడానికి ముందు, పేక నూలును అర్ధవృత్తంగా అమర్చిన మేకుల మీదుగా చేతితో అటూఇటూ వేలసార్లు నడిపి పోయాలి. ఆసు అనే ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది, వాళ్ల భుజాలు దానివల్లనే అరిగిపోతాయి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ బాధను చూసి, ఏళ్ల తరబడి ప్రయత్నించి, 1999లో లక్ష్మీ ఆసుయంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని ఆయన వెలకట్టి నేతకుటుంబాలకు అమ్మారు, వాళ్లు కొనుక్కున్నారు. అందువల్ల ఆయన మేలు మేలు కాకుండా పోలేదు, పైగా అమ్మకం ఉండబట్టే మరిన్ని యంత్రాలు తయారై మరిన్ని ఇళ్లకు చేరాయి.

పుట్టుకతో వచ్చిన తెలివి ఎంత విలువైనదో ఆ యువతి ఇంకా పూర్తిగా లెక్కవేసుకున్నట్టు లేదు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఫొటో కింద పట్నపు ప్రకటన రచయిత "అందమైన సంప్రదాయ డిజైన్" అని రాసి ఊరుకుంటాడు; నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారని, రంగు గాఢంగా పట్టడానికి అదే కారణమని రాయగలిగేది మగ్గం దగ్గర పెరిగిన మనిషి. గద్వాల చీర కొనేవారికి నూలు ఒంటికి పట్టు అంచును ఎలా కలుపుతారో తెలుసుకోవాలని ఉంటుంది. నారాయణపేట చీరకు మహారాష్ట్రలో ఏనాటినుంచో గిరాకీ ఉంది; కర్ణాటక సరిహద్దున ఉన్న ఆ ఊళ్లో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ కూడా వినిపిస్తూనే ఉంటాయి గనుక, మరాఠీల ఉగాది అయిన గుడిపడ్వాకు ముందు మరాఠీలో నాలుగు మంచి వాక్యాలు పెట్టించడం ఆమెకు చేతనైన పని. ఇవి తెలిసిన మనిషి మిగతావారికంటే ఎక్కువ అడగడమే న్యాయం.

ఇక ఆచరణ విషయానికి వస్తే, నెలకు ఎన్ని ఫొటోలు, ఎన్ని పోస్టులు, ఎన్నిసార్లు దిద్దుబాటు, ఎంత డబ్బు, ఏ తేదీకి అన్నవి వాట్సాప్ సందేశంగానైనా రాసి, అవతలివారు "సరే" అన్నాకే పని మొదలుపెట్టాలి. సగం ముందుగా తీసుకోవాలి. ప్రకటనలకు పెట్టే సొమ్ము ఆ వ్యాపారి ఖాతానుంచే నేరుగా వెళ్లాలి, ఆమె చేతి డబ్బు ఒక్క రూపాయి కూడా అందులో కలవకూడదు. చేతిలో నగదు ఆడని మగ్గాలవారికి అమ్మిన చీరమీద ఇంత వాటా అని కుదుర్చుకోవచ్చు, లేదా నలుగురైదుగురు కలిసి ఒకే రుసుము పంచుకోవచ్చు. ఎవరికైనా ఉచితంగా చేయదలిస్తే ఆ మాట ముందే చెప్పి చేయాలి.

చట్టం అండ కూడా ఉంది. ఉద్యమ్ అనే కేంద్రప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా నమోదైతే ఆమె ఒక్కరే నడిపే వృత్తి సైతం సూక్ష్మసంస్థ అవుతుంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం అటువంటి సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. నమోదుకు ముందు చేసిన పనికి ఈ రక్షణ దొరకడం కష్టం గనుక ఆ నమోదు వెంటనే చేసుకోవడం మంచిది. అయితే ఈ ఆయుధం పెద్ద దుకాణాల మీద వాడదగినదే తప్ప, చీర అమ్ముడుపోక ఇవ్వలేకపోయిన నేతగాని మీద కాదు.

మిల్లుబట్టను పోచంపల్లి అని రాయమన్న దుకాణదారు విషయంలో బేరానికి తావులేదు. పోచంపల్లి ఇక్కత్‌కు, అంటే అక్కడ చిటికీ కట్టి నేసే బట్టకు, 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరును ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసిన బట్టకే వాడాలి. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద, ఆ పేరును అబద్ధంగా తగిలించినవారికి ఆరు నెలలనుంచి మూడేళ్లదాకా జైలు, 50 వేలనుంచి 2 లక్షల రూపాయలదాకా జరిమానా పడవచ్చు. చిటికీ కట్టి రంగువేసిన నూలుతో నేసిన బట్ట తిరగేసినా ఇటూ అటూ ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చుబట్ట వెనకవైపు చాలావరకు వెలవెలబోతుంది. ఈ తేడా తెలిసిన చేతితో ఆ అబద్ధం రాస్తే, ఆ దెబ్బ నేరుగా ఆమె తండ్రిలాంటివారి మజూరీ మీదే పడుతుంది. బాకీ మునిగినా సరే, ఆ పని మానుకోవాలి.

తల్లిదండ్రుల భయం నిరాధారమైనది కాదు. వలస బతుకునూ మగ్గం ఖాళీగా ఉన్న రోజులనూ ఎరిగిన, నారాయణపేట ఉన్న పాలమూరు ప్రాంతపు పెద్దలు నెలజీతం కోరుకోవడం సహజం. వారిని వాదనతో ఒప్పించడంకన్నా నెలనెలా రాబడీ బాకీలూ రాసిన లెక్కపుస్తకం చూపడం మేలు. కొన్ని నెలలు పైన చెప్పిన కట్టుబాటుతో నడిచాక కూడా ఆ పుస్తకంలో మిగులు కనిపించకపోతే, ఉద్యోగంలో చేరడం ఓటమి కాదు.

ఆమెతో పని చేయించుకుంటున్న వ్యాపారులకూ ఒక విజ్ఞప్తి. సరుకు పంపిన లారీకి కిరాయి అదే రోజు చెల్లిస్తున్నప్పుడు, ఆ సరుకుకు కొనేవారిని తెచ్చిపెట్టిన అమ్మాయి బిల్లునూ అదే వరసలో పెట్టండి, నిలిచిపోయిన బాకీని ఈ నెలలోనే తీర్చండి.