సముద్రాలు దాటే వాహనం

ఉద్దేశం

సైనికుల శౌర్యాన్ని గురించి మనం తరచుగా వింటాం. బదిలీ సమయంలో వారి కుటుంబాలు వహించే బాధ్యతలను గురించి వినేది తక్కువ. అమెరికా సైనికుని సొంత కారు సముద్రం దాటే విధానం ద్వారా ముందుచూపు, పత్రాల పరిరక్షణ, పరిశుభ్రత అనే వాటి విలువను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. సైనిక కుటుంబాలు వాటికి ‘ఇల్లు మారి చూడు’ అనే మాటను కూడా చేర్చుకోవచ్చు. అమెరికా సైన్యానికి జర్మనీ, ఇటలీ, జపాను, దక్షిణ కొరియా దేశాలలోను, హవాయి, గ్వామ్ దీవులలోను స్థావరాలున్నాయి. అందులో పనిచేసే వారికి కొన్నేళ్లకొకసారి స్థానచలనం తప్పదు. అటువంటి బదిలీలలో, నియమాలు అనుమతించిన చోటికి, ఒక సొంత వాహనాన్ని ప్రభుత్వ వ్యయంతో ఓడలో పంపుకొనే అవకాశం ఉంది.

ఆ అవకాశానికి పరిమితి 20 మెజర్‌మెంట్ టన్నులు. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడలో వాహనం ఆక్రమించే స్థలం. ఒక్కొక్క టన్ను 40 ఘనపుటడుగులకు సమానం కనుక మొత్తం 800 ఘనపుటడుగులు. వాహనం అంతకు మించి పెద్దదైతే అదనపు వ్యయం యజమానిదే.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది చేరబోయే దేశపు నిబంధన. ఉదాహరణకు, జపానుకు 1976 మార్చి తరువాత తయారైన వాహనాలను సాధారణంగా పంపనివ్వరు. అటువంటి చోటికి వెళ్లేవారు వాహనాన్ని స్వదేశంలో భద్రపరచుకోవలసి ఉంటుంది.

తరువాతి పని పత్రాలను సమకూర్చుకోవడం. బదిలీ ఉత్తర్వు, యాజమాన్య పత్రం, గుర్తింపు కార్డు సిద్ధంగా ఉండాలి. కారు అప్పుపై కొన్నదైతే, దానిని దేశం దాటించడానికి అప్పిచ్చిన సంస్థ వ్రాతపూర్వకంగా అంగీకరించాలి. సైనికుడు ముందే విధులకు వెళ్లిపోతే, భార్య గాని మరొకరు గాని వాహనాన్ని అప్పగించడానికి పవర్ ఆఫ్ అటార్నీ అనే అధికారపత్రం కావాలి. ఈ ఒక్క కాగితం లేనందువల్ల రేవు దాకా వెళ్లి వెనుదిరగవలసి రావచ్చు.

పిమ్మట వాహనాన్ని సిద్ధం చేయాలి. భద్రతా లోపం ఉన్నదని తయారీదారు వెనక్కు పిలిచిన వాహనమైతే ఆ మరమ్మతు ముందే పూర్తి కావాలి. పెట్రోలు టాంకులో నాలుగవ వంతుకు మించి ఇంధనం ఉండరాదు. ఓడలో అగ్నిప్రమాదానికి ఆస్కారం తగ్గించడమే దీని పరమార్థం. జాకీ, స్టెప్నీ వంటివి తప్ప ఇంటి సామానును కారులో ఉంచరాదు. నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుని రథాన్ని నడపడానికి పూనుకొన్నప్పుడు తొలుత చేసినది గుర్రాలను పరీక్షించి ఎంచుకోవడమే. ప్రయాణం సుఖాంతం కావడం బయలుదేరక ముందే మొదలవుతుందని ఆ కథ కూడా చెబుతుంది.

ఇక పరిశుభ్రత. కారు పైభాగమే కాదు, అడుగుభాగం, చక్రాల సందులు సైతం మట్టి లేకుండా కడగాలి. శుభ్రంగా లేని వాహనాన్ని స్వీకరించరు. దీనికి రెండు కారణాలున్నాయి. మురికి కింద గీతలు, నొక్కులు కనిపించవు. అప్పగింత నాడు నమోదు కాని నష్టంపై తరువాత వివాదం వస్తుంది. రెండవది మరింత గంభీరమైనది. మట్టిలో విత్తనాలు, పురుగులు, గుడ్లు పరదేశానికి చేరవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, బహుశా సైనిక సామగ్రితో పాటే, గోధుమరంగు చెట్టుపాము గ్వామ్ దీవికి చేరింది. దాని వాతబడి అక్కడి 12 స్థానిక అటవీ పక్షి జాతులలో 10 ఆ దీవి అడవుల నుండి అదృశ్యమయ్యాయి. సరకులో దాగిన ఒక చిన్న ప్రాణి ఒక వనాన్నే మూగబోయేటట్లు చేయగలదు.

అప్పగింత సమయంలో యజమాని, అధికారి కలిసి వాహనాన్ని పరిశీలించి ప్రతి గీతను పత్రంలో నమోదు చేస్తారు. ఆ ప్రతిని, తాను తీసుకొన్న ఛాయాచిత్రాలను యజమాని భద్రపరచుకోవాలి. గమ్యస్థానంలో వాహనాన్ని తీసుకొనేటప్పుడు, అక్కడి నుండి కదలక ముందే కొత్త నష్టాలను వ్రాయించాలి. అప్పుడే పరిహారం కోరడం సులభమవుతుంది.

ఎంత జాగ్రత్తపడినా ఎదురుచూపు తప్పకపోవచ్చు. 2014లో ఈ రవాణా గుత్త ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మారినప్పుడు వేల వాహనాలు ఆలస్యంగా చేరాయి. పరాయిదేశంలో బడికి, ఆసుపత్రికి, విధులకు వెళ్లడానికి కుటుంబాలు ఎంతో ఇబ్బందిపడ్డాయి. అందుకే తొలి వారాలకు వేరొక ఏర్పాటు చేసుకోవడం వివేకం. కారు ఇనుముతో చేసిన యంత్రమే కావచ్చు. కొత్త ఊరిలో కుటుంబం తన కాళ్లపై నిలబడడానికి అదే తొలి ఆసరా.

కఠిన పదాలకు అర్థాలు

స్థానచలనం = ఒక చోటి నుండి మరొక చోటికి మార్పు, బదిలీ
పరమార్థం = అసలు ఉద్దేశం
వాతబడు = నోటికి చిక్కు, బలియగు
గుత్త = ఒప్పందంపై అప్పగించిన పని, కాంట్రాక్టు
ఆసరా = ఆధారం

ప్రశ్నలు

1. వాహనాన్ని ఓడలో పంపడానికి ముందు యజమాని తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. గ్వామ్ దీవి అనుభవం నేర్పే పాఠం ఏమిటి?
3. మెజర్‌మెంట్ టన్ను అంటే ఏమిటి?
4. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి: పరమార్థం, సుఖాంతం.
5. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: స్థానచలనం, అగ్నిప్రమాదం.