చేతివేళ్ళకు చదువు
(అమెరికా కమ్యూనిటీ కాలేజీలలో డెంటల్ హైజీనిస్టు శిక్షణ)

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అని మనవాళ్ళ సామెత. నిజానికి రాయి దాకా అక్కర్లేదు, రోజూ నోట్లో పేరుకునే పాచి చాలునంటుంది దంతశాస్త్రం. ఆ పాచినీ, అది గట్టిపడగా ఏర్పడే గారనూ తొలగించడం, మళ్ళీ పట్టకుండా ఎలా చూసుకోవాలో నేర్పడం డెంటల్ హైజీనిస్టు పని. మన విద్యార్థుల్లో ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళు కూడా "పళ్ళు క్లీను చెయ్యడమే కదా, దానికో చదువా?" అనేస్తారు. ఆ చదువు ఎలా పుట్టింది, అందులో ఏం నేర్పుతారు, ఎందుకంత పట్టుబట్టి నేర్పుతారు అన్నది ఈ వ్యాసంలో క్లుప్తంగా చూద్దాం.

పుట్టుక

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో బ్రిడ్జిపోర్టు అనే ఊళ్ళో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడుండేవాడు. పుచ్చిన పన్ను పీకడం కన్న పుచ్చకుండా చూడడం మేలని ఆయన నమ్మకం. 1906లో తన దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్న బంధువు ఐరీన్ న్యూమన్‌కు రోగుల పళ్ళు శుభ్రం చేసే విద్య నేర్పాడు. 1913లో ఆ ఊళ్ళోనే ఈ విద్యకు తొలి బడి పెట్టాడు. మరుసటి ఏడు 27 మంది స్త్రీలు ఆ బడి నుంచి పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. వారిలో పలువురు వెళ్ళింది డాక్టర్ల గదుల్లోకి కాదు, ఆ ఊరి బడులకు! పిల్లల పళ్ళు శుభ్రం చేసి, బ్రష్షు పట్టడం నేర్పడమే వారి తొలి ఉద్యోగం. 1917లో ఐరీన్ న్యూమన్‌కు లైసెన్సు లభించింది. ఈ వృత్తిలో ప్రపంచంలో అదే మొదటిది.

పాచి నుంచి గార దాకా

పాచి అంటే తిన్న అన్నం మెతుకులు కాదు. పంటికి అంటుకుని బతికే సూక్ష్మజీవుల పొర అది. తోమకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు అందులో చేరి, కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. ఒకసారి గార కట్టాక వేపపుల్లకూ లొంగదు, బ్రష్షుకూ లొంగదు.

1965లో డెన్మార్కులోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో, ఆయన సహచరులు ఒక ప్రసిద్ధ ప్రయోగం ఫలితాలను ప్రకటించారు. నోరు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం మానెయ్యమన్నారు. వారిలో ఎక్కువమంది మనలాంటి విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టాక వారం రోజులకల్లా మామూలయ్యాయి. పాచి పట్టనిస్తే చిగుళ్ళ వాపు, తీసేస్తే ఆరోగ్యం అని అలా రుజువైంది. అయితే వాపు ముదిరి లోపలి ఎముకను తినేస్తే, పోయిన ఎముక తనంత తాను తిరిగి రాదు. హైజీనిస్టు పనికి ఉన్న విలువంతా ఆ లోపల అడ్డుకోవడంలోనే ఉంది.

సీటు దొరకడమే గొప్ప

కమ్యూనిటీ కాలేజీ అంటే ఆ చుట్టుపక్కల ప్రాంతం వాళ్ళ కోసం ప్రభుత్వ ధనంతో నడిచే రెండేళ్ళ కళాశాల. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటికి ఆద్యం. విశ్వవిద్యాలయాల కన్న ఫీజు తక్కువ. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళూ, పిల్లల తల్లులూ కూడా చేరుతుంటారు. కాలేజీ తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి గాని, హైజీనిస్టు కోర్సు తలుపు మాత్రం ఇరుకు. శరీర నిర్మాణశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటివి ముందే మంచి మార్కులతో పాసవ్వాలి. అందుకే రెండేళ్ళ చదువు చాలామందికి మూడేళ్ళవుతుంది.

సీట్లు ఎందుకు తక్కువ? ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ నిబంధన ప్రకారం, క్లినిక్కులో ఒక్కో అధ్యాపకుడి కింద ఐదుగురు విద్యార్థులకు మించి ఉండకూడదు. మన క్లాసు గదుల్లో డెబ్భై మంది సర్దుకు కూచున్నట్టు అక్కడ కుదరదు. కారణం మున్ముందు తెలుస్తుంది.

చెయ్యి నేర్చుకునే పాఠం

చిగుళ్ళ జబ్బులు, మందులు, ఎక్స్‌రే, తిమ్మిరెక్కించే ఇంజెక్షన్ వంటి పాఠాలు ఒక ఎత్తు. చేతిపని ఒక్కటీ ఒక ఎత్తు. మొదట బొమ్మ తలకు బిగించిన ప్లాస్టిక్ పళ్ళ మీద, తర్వాత ఒకరి నోట్లో ఒకరు, ఆపైన రోగుల మీద సాధన చేస్తారు.

పరికరాన్ని దాదాపు కలం పట్టినట్టే పట్టుకోవాలి. కాకపోతే మధ్యవేలి కొస దాని కాడ మీద ఆనాలి, ఉంగరపువేలు దగ్గర్లోని ఓ పంటి మీద నిలవాలి. ఆ ఆనిక లేకపోతే చెయ్యి జారుతుంది, చిగురు తెగుతుంది. గట్టిగా బిగించి పట్టినా తప్పే. పట్టు బిగిస్తే వేళ్ళకు స్పర్శ తెలియదు.

స్పర్శే ఇక్కడ సర్వస్వం. ఎందుకంటే గార సగం చిగురు కింద ఉంటుంది. అక్కడికి చూపు ఆనదు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి ప్రోబుతో చిగురుకూ పంటికీ మధ్యనున్న సందు లోతు కొలుస్తారు. పంటికి ఆరు చోట్ల కొలవాలి. 28 పళ్ళుంటే 168 కొలతలన్నమాట! సాధారణంగా మూడు మిల్లీమీటర్ల దాకా ఆరోగ్యం కిందే లెక్క. అంతకు మించితే అనుమానించాల్సిందే.

తర్వాత క్యూరెట్ అనే పరికరాన్ని మెల్లగా చిగురు కిందికి దించి, గార అడుగున అంచు పట్టించి, పైకి లేపాలి. అంచు ఎప్పటికప్పుడు సాన పట్టుకోవాలి. మొండి అంచుతో పైపైన గీకితే గార ఊడదు, నున్నబడుతుంది. నున్నబడ్డ గార మళ్ళీ వెతికితే వేలికి కూడా సరిగ్గా తెలియదు. పన్ను శుభ్రమైనట్టే ఉంటుంది, జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

ఈ వృత్తిలో అసలు కీలకం ఇదే. పని బాగా చేసినా, చెడగొట్టినా రోగి అద్దంలో చూసుకుంటే ఒకటే మెరుపు. తేడా ఏళ్ళ తర్వాత తెలుస్తుంది. అందుకే విద్యార్థి చేసిన ప్రతి పంటినీ అధ్యాపకుడు మళ్ళీ పరికరం పెట్టి తడిమి చూస్తాడు. మిగిలిందంటే మళ్ళీ చెయ్యాల్సిందే. ఒక్క అధ్యాపకుడికి ఐదుగురే ఎందుకో ఇప్పుడు బోధపడుతుంది.

రోగి పాఠ్యపుస్తకం కాదు

కాలేజీ క్లినిక్కులో రుసుము తక్కువ. కానీ బయట గంటలో అయ్యేది ఇక్కడ మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. చాలాచోట్ల రోగుల్ని వెతికి తెచ్చుకునే భారం విద్యార్థిదే. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఎవరైతేనేం, గార ఉండాలి! ఇన్ని తేలిక కేసులు, ఇన్ని కష్టమైన కేసులు అని లెక్క పూర్తిచెయ్యాలి మరి.

ఇక్కడొక ధర్మసంకటం ఉంది. దేశవ్యాప్త రాతపరీక్షతో పాటు, లైసెన్సు కోసం చేతిపని పరీక్ష కూడా ఉంటుంది. చాలాకాలం దాన్ని నిజమైన రోగి మీదే చెయ్యాల్సి వచ్చేది. సరిపడా గార ఉన్న మనిషి దొరికితే పరీక్ష రోజు దాకా అట్టే పెట్టుకోవాలనిపించడం సహజం. కానీ అన్నాళ్ళూ ఆ మనిషి చిగుళ్ళ గతేమిటి? ఇది సబబేనా అన్న చర్చ చాలా ఏళ్ళు సాగింది. 2020లో కోవిడ్ వచ్చాక బొమ్మ నోటి మీద జరిగే పరీక్షను అనేక రాష్ట్రాలు అంగీకరించాయి. పరీక్ష మన కోసం, చికిత్స రోగి కోసం అన్న తేడా వైద్యవిద్యలో అడుగడుగునా గుర్తుంచుకోవలసిందే.

మన సంగతి

అమెరికాలో ఈ పనికి గౌరవమూ ఉంది, జీతమూ ఉంది. ఆ దేశపు కార్మిక గణాంకాల శాఖ 2023 మే నెల లెక్కలో హైజీనిస్టుల మధ్యస్థ వార్షిక ఆదాయం 87,530 డాలర్లు. మెడ, నడుము, మణికట్టు నొప్పులు కూడా ఈ వృత్తితో పాటే వస్తాయి. అదీ చెప్పుకోవాలి.

మనకూ ఇది కొత్తేమీ కాదు. మన దేశపు 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే డెంటల్ హైజీనిస్టుకు నిర్వచనం ఇచ్చారు, రిజిస్టరుకు ఏర్పాటు చేశారు. అయినా డాక్టర్ల సంఖ్యతో పోలిస్తే మన హైజీనిస్టులు చాలా తక్కువ. నేర్పేవాళ్ళు, ఓపిగ్గా చెప్పేవాళ్ళు లేనిచోట అపోహలు పెరుగుతాయి. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయట" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. చెదపట్టిన గుంజ చుట్టూ మట్టి ఎత్తుగా పోస్తే కదలనట్టే నిలబడుతుంది. మట్టి తీస్తే కదులుతుంది. తప్పు మట్టి తీసినవాడిదా, చెదదా? గార తీశాక పన్ను కదిలితే, ఎముక అంతకు ముందే పోయిందని అర్థం. ఈ ఒక్క మాట నచ్చజెప్పగలిగితే ఎన్నో పళ్ళు నిలుస్తాయి.

మిత్రులారా! డాక్టరో ఇంజనీరో కాకపోతే చదువే కాదనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని పనిని సరిగ్గా చెయ్యడం నేర్పేదే చదువైతే, ఈ రెండేళ్ళ చదువు ఏ పెద్ద చదువుకూ తీసిపోదు. ఇక సంచిక మూసి, ఓసారి అద్దంలో మీ చిగుళ్ళు చూసుకోండి. తోముకునేటప్పుడు రక్తం కనబడుతోందా? అయితే తోమడం మానకండి, దంతవైద్యుని దగ్గరికి వెళ్ళడం వాయిదా వెయ్యకండి.